ఆటో మీద వదిలిన మోటారు

ఇది నా చెవులతో విన్నది. అల్లి చెప్పే తీరిక నాకెక్కడిది? పెద్దవంగర దగ్గర మా ఊళ్లో, మా ఇంటి వెనకే జరిగింది.

తుఫాను వస్తుందని టీవీలో చెప్పారు. వస్తే కరెంటు రోజుల తరబడి ఉండదని నాకు తెలుసు. కాగులు, బిందెలు, చివరికి పాత పిండి డబ్బా కూడా నీళ్లతో నింపాను. జొన్నలు ముందే గిర్నీలో పట్టించాను. లైటుకు ఛార్జింగ్ పెట్టాను. మా ఆయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏందే, పెండ్లి పెట్టుకున్నవా? గిన్ని నీళ్లెందుకు?"

"నీకొక్కటే పని చెప్తున్న. బోరు మోటారు ఆటో బంద్ చెయ్యి."

"చేస్త తియ్."

చెయ్యలేదు. మా దిక్కు రైతులెవరూ చెయ్యరు. కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు తనంతట తాను నడవాలని ఏడాది పొడుగునా ఆటోలోనే వదిలేస్తారు.

ఆ రాత్రే గాలికి కరెంటు స్తంభం ఒరిగింది. తీగ తెగి బోరు పక్కన బురదలో పడింది. ఊరంతా చీకటి. మరుసటి రాత్రి వాన ఆగింది. కప్పలు కూడా అరవడం లేదు...

టక్.

స్టార్టర్ డబ్బా చప్పుడు. నాకు తెలియదా, రోజూ వినేదే. తర్వాత గుయ్...మని మోత. పైపు దగ్గింది. తొట్టిలో నీళ్లు పడుతున్నాయి...

ఆయన లేచాడు. "కరెంటొచ్చింది. పోయి ఆటో బంద్ చేసొస్త."

"ఇప్పుడు యాదికొచ్చిందా? తీగ బురదల ఉన్నది. కాలు పెడితే సస్తవ్."

"దాటుకుంట పోత తియ్."

అంగీ పట్టుకున్నాను. చిరిగింది. అయినా వదల్లేదు. ఇంకో చేత్తో గోడ మీది స్విచ్ వేశాను. బల్బు వెలగలేదు. మళ్లీ వేశాను... లేదు. ఊళ్లో ఏ ఇంట్లోనూ వెలుతురు లేదు. నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఇద్దరం తలుపు దగ్గర అట్లాగే నిలబడ్డాం. ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. ఎంతసేపో...

టక్. ఆగింది.

తెల్లారి లైన్‌మ్యాన్ వచ్చాడు. రాత్రి సంగతి చెబితే నవ్వాడు.

"కరెంటు యాడిదక్కా? స్తంభాలే లేపలే. లైను మొత్తం బందే ఉన్నది."

తొట్టి నిండుగా ఉంది. వానకు నిండిందేమో... చెప్పలేను.

అతను తీగ చుట్టి పక్కన పెట్టాక, మా ఆయన పోయి స్టార్టర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. చప్పున తీసేశాడు.

"ఏమైంది? కాలిందా?"

ఇప్పటికి ఎన్నిసార్లు అడిగానో. "నీకెందుకే" అంటాడు.

విన్నది నేను. అంగీ పట్టి ఆపింది నేను. నాకెందుకట.