మతిమరుపు టిక్కు

శంషాబాద్ విమానాశ్రయంలోని కంప్యూటర్లన్నీ ఒకప్పుడు నా చేతి కింద నడిచాయని మా వీధిలో అందరికీ చెప్పి పెట్టాను. నిజానికి నేను పనిచేసింది గగన్‌పహాడ్‌లో, ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో. విమానాశ్రయానికి వెళ్లింది రెండే సార్లు, రెండుసార్లూ ఎవరినో దిగబెట్టడానికి. ఈ గొప్పల వల్లే మా చర్చి ఆఫీసు కంప్యూటర్ నా మెడకు చుట్టుకుంది.

ఎవరో దానమిచ్చిన పాత మిషన్ అది. దానిలో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టాను. ఒకే ఇంటిని రెండు కిరాయి పోర్షన్లు చేసినట్టన్నమాట, ఎవరి సామాను వారిదే. మొదటిది సండే స్కూల్ పిల్లలకు. వాళ్లు ఏం పాడుచేసినా మళ్లీ కొత్తదానిలా లేవాలని జనరల్ సెట్టింగుల పేజీలో ఒక గడికి టిక్కు పెట్టాను. ఆ టిక్కు ఉన్న మెషీన్ ఆపగానే అప్పటిదాకా చేసిందంతా మరిచిపోతుంది.

రెండోది భూస్థాపన రిజిస్టరు కోసం. దాన్ని కొత్తగా కట్టడానికి బద్ధకించి, పిల్లలదానికే నకలు తీశాను. పేరు మార్చాను. వివరణ అనే గడిలో 'ప్రళయం వచ్చినా చెక్కు చెదరదు' అని రాసి, టీచరమ్మకు చదివి వినిపించాను.

ఆమె మా చర్చిలోనే రిటైరైన టీచరు. వానకు తడిసిన పాత రిజిస్టరును మూడు వారాలుగా ఆ మెషీన్‌లోకి ఎక్కిస్తోంది. తిప్పిన పేజీ తిప్పినట్టే పొడిపొడిగా రాలిపోయేది. ముందు ఫోనుతో ఫొటోలు తీసి, ఆ మెషీన్‌లోకి పంపి, ఫోను నిండిపోయిందని ఫోనులోంచి చెరిపేసింది. మా చర్చి సమాధుల తోటలో సగం సమాధులకు రాయి లేదు. ఎవరు ఎక్కడ పడుకున్నారో చెప్పేది ఆ పుస్తకమొక్కటే. ఆమె తల్లిదీ రాయి లేని సమాధే.

ఒక శనివారం పొద్దున ఆమె నన్ను పిలిచింది. "అన్నా, జర దీని సంగతి చూడు. అక్షరం కొడితే చాయ్ తాగినంక వస్తున్నది."

"మెమొరీ పెంచుతా. ఆపి లేపితే గుర్రమే ఇగ!"

సెట్టింగులు మార్చే పేజీ తెరిచాను. మెమొరీ పెంచాను. ఆపే బటన్ మీదికి మౌస్ తీసుకెళ్తూ, ఎందుకో జనరల్ పేజీ వైపు చూశాను. నకలుతో పాటు వచ్చిన నా టిక్కు అక్కడే ఉంది. ఇప్పుడు తీసేసినా లాభం లేదు, ఆ మార్పు ఆపి లేపాకే అమలవుతుంది.

వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆపితే మళ్లీ లేవడానికి సతాయిస్తుందని నేనే చెప్పాను కనుక ఆమె ఇన్నాళ్లూ స్క్రీన్ మాత్రమే ఆర్పి వెళ్లేది. అందుకే రిజిస్టరు బతికింది. ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ కుయ్యిమంది. పక్క హాల్లో పాటలవాళ్ల కీబోర్డూ ఆంప్లిఫైయరూ కూడా దాని మీదే నడుస్తున్నాయి. దాని బ్యాటరీ అయిపోతే మెషీనూ ఆగుతుంది.

పెన్‌డ్రైవ్ గుచ్చి అన్నీ బయటికి తీయడం మొదలుపెట్టాను. కాపీ ఎంతైందో చూపే పచ్చగీత నత్తలా కదులుతోంది.

"ఏందన్నా, చెమటలు పడుతున్నయి?"

"ఉక్క."

"నాకు పడతలేవు."

"హాల్లో ఆ పాటల డబ్బా జర బంద్ చేయించరాదు?"

"ఎందుకు? ప్రళయమొచ్చినా చెక్కు చెదరదంటివి గద!"

మా దగ్గర విమానం పైనుంచి పోతుంటే మాట మధ్యలోనే ఆపి, అది దాటాక మిగతా సగం చెప్పడం అలవాటు. ఒకటి దిగుతున్న మోత వినబడింది. నెత్తి మీదికి వచ్చేదాకా ఆగి, ఆ హోరులో ఆమె వైపు తిరిగి అంతా ఒప్పేసుకున్నాను: నకలు, టిక్కు, బద్ధకం. చెప్పానన్న తృప్తి నాకు, వినబడని శాంతి ఆమెకు అనుకున్నాను.

విమానం దాటింది. ఆమె కళ్లజోడు తీసింది.

"పదిహేనేండ్లు ఈ విమానాల కిందనే పాఠం చెప్పిన. వెనక బెంచీల గుసగుసలు పెదాలు చూసి పట్టుకున్నదాన్ని. నువ్వెంత?"

లేచి హాల్లోకి వెళ్లింది. పాట చరణం మధ్యలో తెగింది. ఫ్యాన్లు ఆగాయి. వచ్చి నా పక్కన కూర్చుని గీతనే చూసింది. తిడితే బాగుండుననిపించింది.

గీత చివరికి చేరింది. నేను పెన్‌డ్రైవ్ తీయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆగు. అమ్మ పేజీ తెరువు." తెరిచాను. ఫొటో ఉంది, పేరుంది, వరుస సంఖ్య ఉంది. పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టిన కాసేపటికే ఇన్వర్టర్ ఒక్క పొడుగు కూత పెట్టి ఆగిపోయింది. స్క్రీన్ నల్లబడింది.

రెండు గంటలు కరెంటుతో కుస్తీ పట్టి రిజిస్టరును కాపాడానని తర్వాత ఊరంతా చెప్పాను. అది అరగంట కూడా కాదు. కాపాడింది పాట ఆపించిన మనిషి.

కరెంటు వచ్చాక ఇంకో మెషీన్ కట్టాను, ఈసారి నకలు కాదు. జనరల్ పేజీలో గడి గడికీ ఆమె వేలు పెట్టి "ఇదేంది?" అని అడిగింది. రెండింటికి తెలియదన్నాను. ఆ మాట అనడానికి నాకు డెబ్బై ఏళ్లు పట్టింది.

"వివరణలో ఏం రాయమంటవ్ చెల్లె?"

"ఏం రాయకు. ఆపి చూపియ్యి."

తల్లి పేరొక్కటే టైపు చేసి, సేవ్ చేసి, నా వైపు చూసింది. ఆపాను. మళ్లీ లేపాను. అది లేచేలోపు ఇంకో విమానం వచ్చి పోయింది. అది దాటాక కూడా ఇద్దరం స్క్రీన్‌నే చూస్తున్నాం.

పేరు ఉంది.

ఆమె తలూపింది. అన్నీ అందులోకి ఎక్కించాక పెన్‌డ్రైవ్ కోసం నేను చెయ్యి చాపితే నాకివ్వలేదు. తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది.