వెంకట్రాం పెద్ద డబ్బా

జనగామ పత్తి మార్కెట్ వెనక వెంకట్రాం కంప్యూటర్ సెంటర్ చూసి మొదట్లో నేనూ నవ్వాను. ఆఫీసులు వద్దని పారేసిన ఆరు పాత కంప్యూటర్లు! ఒక్కదాంట్లో మాత్రం కాస్త మెమరీ పెంచి, లైనక్స్ ఎక్కించి, మిగతా ఐదింటినీ వైర్లతో దానికి కలిపాడు. ఐదుగురు తమ తమ పేర్లతో లాగిన్ అవుతారు, పనంతా ఆ ఒక్క పెద్ద డబ్బాలోనే జరుగుతుంది. రేడియోలు బాగుచేసుకునే మనిషి ఇదంతా సొంతంగా నేర్చాడు. నేను మూడేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో కూర్చుని కూడా నేర్వలేదు, మధ్యలో మానేశాను.

2011, సకల జనుల సమ్మె రోజులు. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, మాకు కరెంటు ఆగింది. కొత్తగూడ దగ్గరి తండా నుంచి వచ్చిన జమున దూరవిద్యలో ఎంసీఏ చదువుతోంది. ఆమె ప్రాజెక్టు ఆ సాయంత్రం ఐదింటికల్లా ఢిల్లీలోని యూనివర్సిటీకి మెయిల్‌లో చేరాలి. ఒకసారి గడువు తప్పింది, ఇక ఇదే ఆఖరి అవకాశం. ఢిల్లీవాళ్లకు మన సమ్మెతో ఏం పని?

మూడింటికి కరెంటు పోయింది. ఐదు తెరలూ నల్లబడ్డాయి.

"అన్నా, పొద్దటిసంది కొట్టిందంత పాయె!" అంటూ జమున నల్లబడ్డ తెర మీద తట్టింది. "గీ సమ్మె ఇయ్యాల్నే ఉండాల్నా?"

"సమ్మెను ఏమనకు చెల్లె," అన్నాడు వెంకట్రాం. "మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గు బాయిల పనిజేస్తడు. వాడు బొగ్గు ఆపాలె, నేను నీ పని ఆగనియ్యొద్దు. రెండూ తెలంగాణ పనే."

"మాటలకేం తక్కువ లేదు. డబ్బా సచ్చింది గదనే," అన్నాను.

"సచ్చింది అద్దం. పని పెద్ద డబ్బాల బతికే ఉన్నది. కాలేజీల గిది చెప్పలేదా నీకు?"

నిజమే. పెద్ద డబ్బా ట్రాక్టర్ బ్యాటరీ మీద ఇంకా గుర్రుమంటోంది. ముందున్న తెర ఆరిపోయినా పని పోకుండా ఉంచే కమాండ్ ఒకటి అతను మొదటిరోజే అందరికీ నేర్పాడు. ఆ బ్యాటరీ మరొక్క కంప్యూటర్‌నే మోయగలదు. దాన్నీ, ఇంటర్నెట్ మోడెమ్‌నూ తగిలించి జమునను కూర్చోబెట్టాడు. ఆమె పేరు కొట్టింది. సగంలో వదిలిన లైను, అదే చోట కర్సర్ కొట్టుకుంటూ కనిపించింది.

గంటసేపు ఆమె తల ఎత్తలేదు. నాలుగుంబావుకు ప్రాజెక్టు వెళ్లింది. అందినట్టు జవాబు రాగానే చున్నీతో ముఖం తుడుచుకుని లేచింది. వెంకట్రాం బ్యాటరీ మీటరు చూసి, తెరలారి కూర్చున్న మిగతా మావైపు తిరిగాడు.

"ఇంకో పావుగంట నడుస్తది. ఎవరిది అర్జెంటు? జల్ది కూసోర్రి."