గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు, ఒడిలో తోడుపిండితో

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ఐదో తరగతితో బడి ఆగింది. నేను కాగితం మీద రాసిస్తే, మా ఆయన అక్క సుజాత వదిన తన బ్లాగులో ఎక్కిస్తుంది.

గద్వాలలో మాది బన్నుల భట్టి. రోజూ పిసికిన పిండిలోంచి పిడికెడు తీసి మరునాటికి తోడు పెడతాం. ఆ తోడు నా పెళ్లప్పుడు వడ్డేపల్లి నుంచి మా అమ్మ స్టీలు డబ్బాలో పెట్టి పంపినది. రెండు రోజులుగా బన్నులు పొంగలేదు. "మూడేండ్ల సంది అదే పిండిని సగం సగం చేస్తున్నవ్ పిల్లా. దాంట్ల ఇంక బలమేడుంటది? పారేసి ఈస్టు పాకెట్లు తెద్దాం" అన్నది అత్తమ్మ. ఒక్కరోజు గడువడిగి, నాగర్‌కర్నూలు కాలేజీలో సైన్సు చెప్పే వదిన దగ్గరికి బయల్దేరాను.

ఉదయం ఏడున్నరకు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులక్కర్లేదు. ఇంజను పక్క సీటు దొరికింది. వనపర్తి దగ్గర పడుతుండగా డబ్బా మూత టప్పున ఎగిరింది, పిండి నా కొంగు మీదికి పొంగింది. "ఏందమ్మా, డబ్బాల కోడిపిల్లనేమన్న తెచ్చినవా?" అన్నాడు డ్రైవరన్న. బస్సంతా నవ్వారు. ఉన్న తోడూ చెడిపోయిందని నాకు ఏడుపొచ్చింది.

వనపర్తిలో బస్సు మారి, పదకొండు దాటాక దిగాను. వదిన పిండిని కొంచెం నీళ్లలో కలిపి మైక్రోస్కోపులో చూపించింది. గుండ్రటి ఈస్టు కణాలు, కొన్నిటికి చిన్న మొగ్గలు. చెడిపోలేదట, బిడ్డల్ని కంటున్నాయట. మొన్న కొన్న ఫ్రిజ్‌లో తోడు పెట్టావా అని అడిగింది. పెట్టాను. చలికి మందగించినవి ఇంజను వేడికి లేచాయని చెప్పింది. మరి సగం సగం చేస్తే బలం తగ్గదా అన్నాను.

"మనం సగం చేసేది పిండిని. కణం బిడ్డను విడిచేముందు తన డీఎన్‌ఏ అంతటికీ నకలు తీస్తది. అది రెండు పోగుల పురి అనుకో. పోగులు విడివడతయి, ఒక్కోదాన్ని చూసి దాని జత కొత్తగ తయారైతది. గదీ ఒక్క చోట కాదు, వందల చోట్ల మొదలైతది. తల్లికి నిండుగ ఒకటి, బిడ్డకు నిండుగ ఒకటి."

రెండింటిలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది అని విన్నప్పుడు లేచి గంతులేయాలనిపించింది. సిగ్గుపడి కూర్చున్నాను.

సాయంత్రం ఇల్లు చేరి గోరువెచ్చని నీళ్లతో పిసికాను. తెల్లారి బన్నులు తట్టల అంచులు దాటాయి. అది చూసి అత్తమ్మ పిండిలోంచి తానే పిడికెడు తీసి, మరునాటి తోడుకు పొయ్యి దగ్గరి అరలో పెట్టింది.

తీసినకొద్దీ తరుగుతుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. అమ్మ ఇచ్చింది ఇక్కడ రోజూ నిండుగా పుడుతోందని తెలిశాక పిసకడమే పండగలా ఉంది. మీరూ తోడుపిండితో బస్సెక్కితే డబ్బా సగమే నింపి, మూతకు బదులు గుడ్డ కట్టండి. ఇదంతా రాశానని చదివినవాళ్లు అత్తమ్మతో అనకండి. వదినా, ఈ కాగితం మాత్రం పొయ్యిలో పెట్టెయ్.