అబ్రహాము గారి వెనకనడక గుర్రం

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే అబ్రహాము గారి పక్కిల్లే మాది. ఆయన చెక్కిన నెమలి అచ్చును చూసి అసలు నెమలి సిగ్గుపడి బందరు వైపు పారిపోయిందని చెబితే జనం నవ్వుతారు. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, అబద్ధాలు అల్లే తెలివి నాకెక్కడిదండీ?

మీసాలు రాకముందు నుంచీ ఆయనది ఒకటే పని. పువ్వునైనా పేరునైనా టేకు చెక్క మీద తిరగేసి చెక్కుతారు. అచ్చు తిరగబడి ఉంటేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, చర్చికి కూడా చొక్కా తిరగేసుకునే వెళ్తారు.

ఒక ఆదివారం మనవరాలు దీవెన ఏడుస్తూ వచ్చి ఆయన ఒళ్ళో పడింది. ఎదురింటి రేవతి వాళ్ళ గుడ్డబొమ్మను ఆటలో తనే ఎర్రరంగు తొట్టిలో జారవిడిచిందట. బొమ్మ తలకిందులుగా పడింది. పావడా తెల్లగానే మిగిలింది కానీ మొహం మాత్రం పండుమిరపకాయ అయిపోయింది. "నీ జట్టు పచ్చి!" అనేసి మాటలు మానేసింది రేవతి. ఈ పిల్లకు ఉన్న ఒక్క స్నేహితురాలూ ఆ రేవతే.

"తాతయ్యా, రేవతికి ఒక గుర్రం చేసివ్వవా? దాని వెనకాల 'జట్టు' అని రాయి."

"వెనకాల ఎందుకే? అదేమన్నా లారీయా?"

"అందరూ చదవాలి మరి!"

ఆయన చెక్కారు. చివరి అక్షరం దగ్గర ఉలి ఆగిందో లేదో, గుర్రం తుమ్మింది. చెక్కపొడి ముక్కులోకి పోయి ఉంటుంది. ఆ తర్వాత టకటకా నడిచింది. అయితే వెనక్కి!

నేను వంగి చూశాను. "మావయ్యా, జట్టును తిరగేసి చెక్కావు!"

"నోర్ముయ్యరా. పదో తరగతి గడప తొక్కనోడివి, నాకు అక్షరాలు చెబుతావా?" అంటూ కళ్ళజోడు పెట్టుకుని చూసి, నాలుక కరుచుకున్నారు.

అప్పటికే దీవెన బతిమాలి రేవతిని అచ్చులేసే పాకలోకి తీసుకొచ్చేసింది. రేవతి చంకలో ఎర్రమొహం బొమ్మ ఉంది. బల్ల మీద నిలబడ్డ గుర్రం వైపు ఆశగా చెయ్యి చాపింది. గుర్రం ఒకడుగు వెనక్కేసింది. రేవతి ఇంకొంచెం ముందుకు వంగింది. అది ఇంకొంచెం వెనక్కి జరిగింది.

రేవతి చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీనిక్కూడా నేనంటే ఇష్టం లేదు. ఇదిగో, ఈ బొమ్మని కూడా నువ్వే ఉంచుకో." బొమ్మను బల్ల మీద పడేసి గుమ్మం వైపు తిరిగింది.

"వెళ్ళొద్దే!" అని దీవెన అరిచింది. ఆ అరుపుకి గుర్రం బెదిరి, వెనక్కే పరిగెత్తి, అచ్చులు అద్దడానికి రంగు నింపిన మెత్త మీద చతికిలపడింది. చల్లగా తగిలేసరికి ఎగిరి గంతేసి, వెనక్కే తిన్నగా వెళ్ళి గుడ్డబొమ్మను ఢీకొట్టింది.

తెల్లటి పావడా మీద అచ్చు పడింది: జట్టు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్కటీ తిరగబడలేదు.

గుడ్డబొమ్మ లేచి కూర్చుంది. "నన్ను రంగులో ముంచిందెవరే?"

"నేనే. కావాలని కాదు," అంది దీవెన.

బొమ్మ బుగ్గలు తడుముకుంది. "బానే ఉన్నానా?"

గుమ్మంలో ఆగిపోయిన రేవతి ఫక్కున నవ్వింది. "ఎంత ముద్దొస్తున్నావే! ఏయ్ దీవెనా, పచ్చి లేదు. జట్టే."

అబ్రహాము గారు నా వైపు తిరిగి కళ్ళజోడు సర్దుకున్నారు. "విన్నావా? నేను తప్పు చెక్కలేదురా. అచ్చు చెక్కాను."

గుర్రం ఇంకా వెనక్కే నడుస్తోంది. గుడ్డబొమ్మ కాసేపు ఆలోచించి, ఎగిరి దాని మీదెక్కి తోక వైపు తిరిగి కూర్చుంది.

"ఎటు కూర్చున్నావే?" అన్నారు పిల్లలిద్దరూ.

"ముందుకే!" అంది బొమ్మ.

ఆ రెండూ బల్ల చుట్టూ తిరిగిన వేగానికి, పాకలో తడిగా వేలాడుతున్న దుప్పట్లన్నీ ఎండ తగలకుండానే ఆరిపోయాయి. నా చేత్తో నేనే మడతపెట్టాను.