మా మేనత్త పాట మాల్ ఎక్కింది

ఈ మధ్య గచ్చిబౌలి వైపున్న మాల్‌కి ఎప్పుడు వెళ్ళినా, కదిలే మెట్ల దగ్గర ఆగి పైకప్పులోని స్పీకర్‌కు చెవి ఒగ్గి నిలబడడం నాకు అలవాటైపోయింది. వెనక వచ్చేవాళ్ళు మోకాళ్ళ నొప్పనుకుని, పాపం, పక్కకు తప్పుకుని వెళ్తుంటారు. నొప్పి ఉన్నమాట నిజమే గానీ నేను ఆగేది అందుకు కాదు, అక్కడ పాడుతున్నది నేనే. బతుకమ్మ పండుగ దాటి వారాలైనా తీసెయ్యకుండా, వెనక డప్పులూ ఇంకేవో టకటకలూ కలిపి నా గొంతునే తిప్పి తిప్పి వేస్తున్నారు. తమకు లాభం లేకపోతే ఆ మాల్ వాళ్ళు ఒక దీపం కూడా వెలిగించరని నా అనుమానం. నాకు అనుమానాలెక్కువని ఇంట్లో అంటారు, బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ పిల్లలూ అనేవాళ్ళు, అననివ్వండి.

నిజానికి ఆ పాట వరస మా మేనత్తది. మా ఊరు ఖాజాగూడ అంటే ఇప్పటివాళ్ళకు అద్దాల మేడలే గుర్తొస్తాయి గానీ, నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో అక్కడ రాళ్ళగుట్టలు, చెరువు, జొన్నచేలు ఉండేవి. భూములు అమ్ముడుపోవడం మొదలయ్యాక ఊరిమీదికి సామాన్లు వచ్చిపడ్డాయి. నల్లా లేని ఇంట్లోకి బట్టలుతికే మిషను వచ్చి, దానిమీద పూల గుడ్డ కప్పించుకుని, చివరికి బియ్యం పోసుకునే డబ్బాగా స్థిరపడింది. మా అత్త ఇలాంటివేవీ కళ్ళెత్తి చూసేది కాదు, చూపించీ చూపించీ వాళ్ళే అలిసిపోయేవాళ్ళు. ఆమె చూసిందంతా బతుకమ్మ ఆటలో బయటపడేది. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ మేం చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, పాట చెప్పే మనిషి ఒక్కో వరసా అందుకోవాలి, మిగతావాళ్ళం 'ఉయ్యాలో' అని పలకాలి. దేవుళ్ళ పాటలయ్యాక అత్త ఒకసారి గొంతు సవరించుకునేది. ఆ సవరింపు వినగానే కొత్తగా ఏదైనా కొన్న ఇంటి ఆడవాళ్ళకు గుండె జారేది.

మా చిన్నాయన ఒక సోఫా కొన్నాడు. లారీ మీద ఊరంతా తిప్పి తెచ్చాడు గానీ అది వాళ్ళ ఇంటి తలుపులో పట్టలేదు. తలుపు కొట్టించి పెద్దది పెట్టిస్తానని దాన్ని వాకిట్లో టార్పాలిన్ కింద ఉంచితే, ఆ వానాకాలం కోళ్ళన్నీ దానిమీదే గుడ్లు పెట్టాయి. ఆ ఏడు అత్త అందుకుంది:

తలుపుల దూరని సోఫా ఉయ్యాలో
కోళ్ళకు కొత్త మంచమాయె ఉయ్యాలో

చిన్నమ్మ ఆ వలయంలోనే నా పక్కన ఉంది. ఆమె చేతులు ఆగిపోయాయి. అత్త ఆట ఆపకుండానే ఆమెవైపు తిరిగి, "ఏందే, గట్ల మొఖం మాడ్సుకుంటె పాట ఆగుతదా? చప్పట్లు కొట్టు" అంది. పాపం చిన్నమ్మ కొట్టింది, తన ఇంటి సోఫాకు తనే 'ఉయ్యాలో' అంది. అదే ఆ పాటలోని కష్టం, దెబ్బ తగిలినవాళ్ళే వంత పాడాలి. ఇంటికెళ్ళి ఆమె ఏమందో నాకు తెలియదు గానీ, చిన్నాయన కారు కోసం అమ్ముదామనుకున్న ఆఖరి చెక్క భూమి అమ్మకుండా ఉండిపోయాడు. నేనిప్పుడు ఉంటున్న ఇల్లు ఆ నేలమీదే ఉంది. ఊరిని ఆ మాత్రమైనా నిలబెట్టింది పెద్దమనుషుల పంచాయితీలు కావు, అత్త నోరే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. మా అన్న కూతురు, ఆఫీసు బస్సెక్కి ఐటీ కొలువుకు వెళ్ళే పిల్ల, ఈ సోఫా కథ నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు.

అత్త పోయాక పాట చెప్పడం నావంతుకు వచ్చింది. పోయినేడు మాల్ తరఫున ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గోదావరి వైపు పిల్ల, మాటా మన్ననా ఉన్నది. "ఆంటీ గారూ, మాకు అసలైన పల్లె పాటే కావాలండి, మీరు ఎలా పాడతారో అలాగే పాడండి" అంది. ఇంత తీయగా అడుగుతున్నారంటే దీని వెనక ఏదో ఉందనుకున్నాను. సరే, వాళ్ళ ఇంట్లోనే వాళ్ళకు వాత పెట్టి వద్దామని ఒప్పుకున్నాను. పండుగనాడు మాల్‌లో పెట్టిన థర్మాకోల్ బతుకమ్మ చుట్టూ మా వీధి ఆడవాళ్ళం తిరుగుతుంటే, నేను అత్తలాగే గొంతు సవరించుకుని అందుకున్నాను:

సల్లగాలి ఉచితమని ఉయ్యాలో
సంచులు నింపి పంపిరి ఉయ్యాలో
కొన్నది ఇంట్ల పట్టదు ఉయ్యాలో
కొనందె నిద్ర పట్టదు ఉయ్యాలో

మేనేజరు మొహం మాడుతుందేమోనని చూశాను. అతను ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఫోనులో పట్టుకున్నాడు, మళ్ళీ పాడమన్నాడు. చివర్లో పట్టుచీర పెట్టి దండం కూడా పెట్టాడు. ఇంటికి వస్తుంటే దారంతా నాకు ఒకటే ఆలోచన. తిట్టినందుకు చీర పెట్టారంటే, ఆ తిట్టు ఎక్కడికి పోయినట్టు? ఈ ఏడు పండుగకు ముందు ఆ పాట స్పీకర్లోంచి వినపడింది. నిండు సంచులతో మెట్లెక్కుతున్న జంట ఒకటి దానికి తాళం వేస్తూ పోయింది.

ఈసారి పండుగ ఆఖరిరోజు, సద్దుల బతుకమ్మ నాడు, చెరువు దగ్గర నేను అదే పాట ఎత్తుకున్నాను. ఆడపిల్లలంతా "మాల్ పాట, మాల్ పాట" అని కేరింతలు కొట్టి ఎగిరారు. ఒక్క మొహం కూడా చిన్నబోలేదు. ఈ పాట ఇక చచ్చిందనుకుని, సగంలోనే ఆపేశాను. అప్పుడు నా పక్కనున్న మా అన్న కూతురు గొంతు సవరించుకుంది.

కొనొద్దు అన్న గొంతు ఉయ్యాలో
కొట్టుల కొలువుకు చేరె ఉయ్యాలో
పట్టుచీర గట్టుకోని ఉయ్యాలో
మా అత్త మస్తుగ పాడె ఉయ్యాలో

ఆ చీరే నా ఒంటిమీద ఉంది. వలయమంతా గొల్లుమంది. ఒళ్ళంతా మండిపోయింది నాకు, చేతులు ఆగిపోయాయి, ఎదిగిన పిల్లను అక్కడే చెంప వాయించాలనిపించింది. అదేమో నా కళ్ళలోకి చూసి, "చప్పట్లు ఆపకు అత్తా" అంది. కొట్టాను. నా చీరకు నేనే 'ఉయ్యాలో' అన్నాను. చిన్నమ్మకు ఆనాడు ఎలా ఉండిందో అప్పుడు తెలిసింది. ఆ కోపంలోనే, ఎందుకో, ఏడుపంత సంతోషం కూడా వచ్చింది.

తిరిగి వస్తూ ఎవరైనా ఫోనులో పట్టారా అని ఆ పిల్లను అడిగాను. "ఫికర్ చెయ్యకు, ఫోన్లు లోపల పెట్టుమని ముందే చెప్పిన. గిది మన మధ్యల మాట" అంది. మా అత్త కాలంలో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పవలసి వచ్చేది కాదు. పాట చెరువు గట్టు మీద పుట్టి, ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలి, వాళ్ళ ఇంటిదాకా వెళ్ళి ఆగేది. ఇప్పుడు పువ్వులు ప్యాకెట్లో దొరుకుతున్నాయి, చెరువుకు కంచె వచ్చింది, ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. పిల్లమీద నాకు నమ్మకమే, మిగతా చేతులమీదే అనుమానం. అందుకే మాల్‌కి వెళ్ళినప్పుడల్లా మెట్ల దగ్గర ఆగి, నా పాట అయిపోయేదాకా ఉండి, దాని తర్వాత ఆ పిల్ల గొంతు వస్తుందేమోనని చెవి ఒగ్గి నిలబడతాను.

ఇప్పటికైతే వినపడలేదు.