తులానికి ముప్పై గ్రెయిన్లు తక్కువ

చాచా పోయిన కబురు మా ఇంటికి మొదట తెచ్చింది ఆయన చిన్న కోడలు. బొల్లారం నుంచి రెండు బస్సులు మారి, పొద్దున తొమ్మిదింటికి మెట్టుగూడలో మా గుమ్మం ముందు నిలబడింది. రెండు రోజులైందట. మట్టి కూడా ఇచ్చేశారట. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చానంది. అంత దూరం వచ్చినందుకు ఆ పిల్లకు చేతులెత్తి దండం పెట్టాలి. నేను మాత్రం ఆ దూరం వెళ్లలేదు.

చాచా రైల్వే వర్క్‌షాపులో నాన్నతో కలిసి పనిచేసినాయన. నాన్నకు ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు నన్ను పిలిచి, "బిడ్డా, నన్ను జెర బొల్లారం తీస్కపో. ఆయనకు ఒక్క మాట చెప్పేదుంది" అన్నాడు. ఏం మాటో కూడా ఆ రోజే నాకు చెప్పాడు. విన్నాక ఆగకుండా తీసుకెళ్లాల్సింది. ఎండలు తగ్గనీ అన్నాను. తర్వాత నాన్న మోకాలు వాచింది. తర్వాత మా ఇంట్లో వ్రతం. దేవుడు చూసుకుంటాడులే నాన్నా, అని కూడా అన్నాను. ఆ మాట అన్న నోటితో దేవుణ్ణి పిలవాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పాడు. ఎక్కాల పుస్తకం చాచా తెచ్చిచ్చాడు. నాన్నకు ఇష్టమైన లెక్కలు తూటాల లెక్కలే. గ్రెయిన్ అంటే గింజెత్తు బరువనీ, నూట ఎనభై గ్రెయిన్లు సరిగ్గా ఒక పాత తులమనీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పర్మిట్ మీద వేటకు పోనిచ్చిన రోజుల్లో, నేను పుట్టకముందు, ఆయనా చాచా సెలవులకు అడవికి వెళ్లేవాళ్లు. చుక్కల దుప్పికి నూట యాభై గ్రెయిన్ల తూటా చాలు. తేలిక, వేగంగా పోతుంది. కణుజు కూడా దుప్పి జాతిదే గానీ గుర్రమంత జంతువు, దానికి తులం తూటా కావాలి. తేలికది దాని జబ్బ ఎముకకు తగిలితే అక్కడే చితికిపోతుంది, లోపలికి దిగదు. ఇదంతా నాకు పదేళ్లకే కంఠతా వచ్చు. ఇంత తెలిసిన మనిషి ఎలా తప్పు చేశాడో మాత్రం ఈ ఏడే తెలిసింది.

నాన్న కాలుస్తాడు, చాచా కత్తి పట్టుకుని ఉరుకుతాడు. ప్రాణం పోకముందే హలాల్ చేస్తేనే ఆ మాంసం చాచా ఇంటికి పనికొస్తుంది. వరసగా రెండుసార్లు తులం తూటాకు కణుజు పడ్డచోటే చచ్చింది. చాచా చేరేసరికి ఊపిరి లేదు. మాంసమంతా మావాళ్లే తిన్నారు. "సాబ్, నువ్వు గింత జల్ది సంపుతే మా ఇంట్ల పప్పే గతి" అని చాచా నవ్వాడట. అప్పుడు ఆయన భార్య బాలింత.

మూడోసారి కణుజు ఎదురైనప్పుడు నాన్న జేబులో రెండు రకాలూ ఉన్నాయి. చాచా చేరేదాకా దానికి కాస్త ఊపిరి మిగలాలని, ఎవరికీ చెప్పకుండా తేలికది పెట్టాడు. తూటా జబ్బ దగ్గరే చితికింది. కణుజు కూలబడింది, చాచా దగ్గరికి వచ్చేసరికి లేచి పరుగెత్తింది. దాని వెనక ఉరికి చాచా రాళ్ల వాగులో పడ్డాడు. తుంటి విరిగింది. జంతువు దొరకనే లేదు. ఆ గాయంతో ఎన్ని రోజులు తిరిగిందో.

మంచం మీద మోసుకొస్తుంటే చాచా అడిగాడట, ఏది పెట్టినవు సాబ్ అని. నాన్న "తులందే" అన్నాడు. అయితే నేనే జెర లేటు ఉరికిన, అన్నాడు చాచా. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా కాలు ఈడ్చుకుంటూ మా ఇంటికి వచ్చి, అదే మాట తన మీద తానే ఎగతాళిగా చెప్పుకునేవాడు. నేనూ ఎన్నోసార్లు నవ్వాను.

కోడలు లోపలికి వచ్చి నాన్న మంచం పక్కన కూర్చుని తనే చెప్పింది. నాన్న ఏడవలేదు. ఆఖర్న ఏమన్నా అన్నాడా అని అడిగాడు.

"మిమ్మల్నే యాద్ చేసిండు. సాబ్ గురి ఎన్నడు తప్పలే, నా కాళ్లే మోసం జేసినయ్ అన్నడు."

నాన్న గోడవైపు చూస్తూ అంతా చెప్పాడు. ఆ రోజు పెట్టింది తులంది కాదని, ఎందుకు పెట్టాడో, ఎందుకు అబద్ధమాడాడో. నేను ఆపబోయాను, వినలేదు. ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ చివరిదాకా విన్నది.

"మాకెందుకు చెప్తుండ్రు ఇప్పుడు" అంది. ఆ గొంతులో కోపం లేదు. "వినాల్సినాయన పాయె."

చాయ్ తాగమంటే వద్దంది. పెద్దాయన్ను జెర చూస్కో అక్కా, అని నాకు చెప్పి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి నాన్న రెండు ముద్దలకు మించి తినడం లేదు. ఎక్కడికీ తీసుకెళ్లమని అడగడం లేదు. పొద్దున్నే దీపం పెట్టి, దొరికిన మేలులన్నిటికీ పేరుపేరునా దండం పెట్టుకోవడం నా అలవాటు. ఊపిరి ఆడుతున్నందుకు మొదటి దండం. ఇప్పుడు ఆ మొదటి దగ్గరే ఆగిపోతున్నాను. రెండోది నోట రావడం లేదు.

నాన్న కోసం ఏమీ అడగను. అడగొద్దన్నాడు. ఇది చదివినవాళ్లు ఏ దేవుడికి మొక్కినా సరే, మొక్కేటప్పుడు చాచాను ఒక్కసారి తలుచుకోండి. ఆయన లేటుగా ఉరకలేదు. ఆ సంగతి తెలియకుండానే పోయాడు.