జర్మనీ నాట్యకత్తె, మా మనవరాలి డ్యాన్సు

ఈ సాయంత్రం ఈ అరబ్బు దేశంలో, ఖురం అనే పేటలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో పాత జర్మనీ సినిమా క్యాసెట్టు వేశారు. యుద్ధానికి కూలిపోయిన ఊళ్ళో ఒకామె, దెబ్బతిన్న కాలితోనే మళ్ళీ నాట్యం మొదలుపెట్టింది. మాట అర్థం కాకపోయినా నాకు ఏడుపొచ్చింది. నర్సైన మా అమ్మాయి మాత్రం, "కట్టు అలాగేనా కట్టేది?" అని విసుక్కుంది.

మన చర్చి సంఘంలో ఏమనుకుంటారోనని మనవరాలి పేరు స్కూలు డ్యాన్సులోంచి తీయించింది నేనే.

"నన్ను వద్దని, ఆవిణ్ణి చూసి ఏడుస్తావేంటి అమ్మమ్మా?" అంది అది.

"నోర్ముయ్యవే. రేపెళ్ళి టీచరమ్మకి మళ్ళీ పేరిచ్చిరా."

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ మనవరాలే. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు చర్చి ఆరాధనలో ముందు వరసలోనే కూర్చుంటాను. పిల్ల డ్యాన్సు గురించి సంఘంలో మీకెవరికైనా అడగాల్సిందేమైనా ఉంటే నన్నే అడగండి.